కస్టమరు ఇంట్లో లేరు

కాట్రేనికోనలో ఒక పెద్దావిడ ఉంది. డెబ్బై దాటాయి, మోకాళ్ళు అరిగాయి. కర్ర ఊతం లేనిదే పెరట్లో నూతి దాకా కూడా వెళ్ళలేదు. మిట్టమధ్యాహ్నం ఆవిడ ఎక్కడుంటుందో ఆ వీధిలో చంటిపిల్లాణ్ణడిగినా చెబుతాడు: అరుగు మీద, పడక్కుర్చీలో. ఊరంతటికీ కనబడే ఆవిడ మందుల కంపెనీ వాడికి మాత్రం కనబడలేదు. డల్లాస్‌లో నిద్రపోతున్న కొడుకు ఫోనుకి మెసేజి వెళ్ళింది. 'డెలివరీకి ప్రయత్నించాం. కస్టమరు ఇంట్లో లేరు.'

అర్ధరాత్రి కొడుకు హడిలిపోయి లేచి తల్లికి ఫోన్ చేశాడు. "ఎక్కడికెళ్ళావమ్మా?" "ఎక్కడికెళ్తాన్రా, నాకేవన్నా రెక్కలొచ్చాయా?"

ఆవిడ గడప దాటలేదు. గడప దాకా రానిది మందు. కానీ కంపెనీ పుస్తకాల్లో తప్పిపోయింది మాత్రం ముసలావిడే. ఆన్‌లైన్ మందుల వ్యాపారం గొప్పతనమంతా ఇక్కడే ఉంది: మందు ఇంటికి తెస్తామని చెప్పి, ఆ మందు చుట్టూ ఉండే చాకిరీ మొత్తాన్ని రోగి ఇంటికి తెచ్చి పడేస్తారు. దుకాణదారు చేసే పని, గుమాస్తా చేసే పని, పోస్టుమాన్ చేసే పని అన్నీ ఇప్పుడు జ్వరంతో పడుకున్నవాడే చేసుకోవాలి. పైగా తగ్గింపు ఇచ్చామంటారు.

బ్యాగు తగిలించుకు తిరిగే కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు లెండి. పార్సిలుకి ఇంత అని లెక్క కట్టి ఇస్తారు వాడికి. అమలాపురంలో పార్సిళ్ళు తీసుకుని, ముమ్మిడివరం సెంటర్లో మలుపు తిరిగి, కాట్రేనికోన దాకా వచ్చి, ఒక్క షుగరు మాత్రల డబ్బా ఇచ్చి వెళ్తే పెట్రోలు కూడా గిట్టదు. అందుకని వాడు ముమ్మిడివరంలోనే ఆగి ఫోన్ చేస్తాడు. "ఏవండీ, పార్సిలొచ్చిందండి. ఓసారి సెంటర్‌కొచ్చి పట్టుకెళ్తారా?" రానంటే బటన్ నొక్కుతాడు. వాడి ఫోనులో ఉన్న బటన్లలో 'నాకు గిట్టదు' అన్న బటన్ లేదు; 'కస్టమరు లేరు' అన్నది ఉంది. ఆ బటన్ పెట్టినవాడు ఎక్కడో ఏసీ గదిలో కూచున్నాడు. వాణ్ణి మాత్రం ఎవరూ 'ఇంట్లో ఉన్నావా' అని అడగరు.

ఇక అడ్రసు సంగతి. మన ఊళ్ళలో ఇంటి నంబరుతో ఇల్లు కనుక్కున్నవాడు లేడు. రామాలయం వెనక, పాత రైస్ మిల్లు దాటాక, మామిడి చెట్టున్న లోగిలి. ఇలా చెబితే పరాయి ఊరి పెళ్ళివారు కూడా తిన్నగా వచ్చేస్తారు. యాప్‌కి ఇది నచ్చదు. మ్యాపు మీద ముల్లు గుచ్చమంటుంది. గుచ్చితే ఆ ముల్లు వెళ్ళి రొయ్యల చెరువు నడిమధ్యలో నిలబడుతుంది. ఏరేటర్ల మధ్య ఏ రోగి పడుకుని ఉంటాడనుకున్నారో మరి! 2020 ఫిబ్రవరిలో ఇదే మండలంలో ఉప్పూడి దగ్గర ఓఎన్జీసీ బావిలోంచి గ్యాసు ఎగజిమ్మి ఊరు ఖాళీ చేయించినప్పుడు, రాష్ట్రంలో ఉన్న టీవీ వ్యాన్లన్నీ ఎవర్నీ లొకేషన్ అడక్కుండానే వచ్చాయి. ఊరికి ఆపదొస్తే దొరికే దారి, మాత్ర తేవాల్సొస్తే దొరకదు. బలుసుతిప్ప వాళ్ళో, నీళ్ళ మధ్య తిప్పల మీద ఉండేవాళ్ళో ఆర్డరు పెడితే ఇంకేం చెప్పాలి? ఆ పిన్‌కోడ్‌కి సేవలు అందుబాటులో లేవంటుంది. నిజం చెప్పినందుకు సంతోషించాలి.

పోస్టులో మందు తెప్పించుకోవడం తెలుగువాడికి కొత్త అనుకునేరు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కె.ఎన్. కేసరిగారు మద్రాసులో కేసరి కుటీరం పెట్టి ఆడవాళ్ళకి లోధ్ర అమ్మారు. ఆ కాలం పత్రికల వెనక పేజీలు తిరగేస్తే నరాల బలానికీ, నెత్తిమీద వెంట్రుకలకీ, లోకంలో ఉన్న సమస్త వ్యాధులకీ వి.పి.పి.లో మందులే మందులు. పోస్టుమాన్ వచ్చేవాడు, డబ్బు లెక్కపెట్టుకునేవాడు, పొట్లం చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకు వెళ్ళేవాడు. వాటిలో సగం మందులు పనిచేసేవో లేదో ఆ దేవుడికే తెలియాలి. కానీ పార్సిలు మాత్రం వచ్చేది. ఇప్పుడు మందు పనిచేస్తుంది, పార్సిలు రాదు. దీన్నే పురోగతి అంటున్నాం.

అసలు ఆర్డరు పెట్టడమే ఒక తతంగం. ముందు మందుల చీటీ ఫోటో తీసి పంపాలి. పంపాక ఎక్కడో ఒకడు దాన్ని చూసి తిప్పికొడతాడు. అక్షరాలు స్పష్టంగా లేవు. డాక్టరుగారి రిజిస్ట్రేషను నంబరు కనబడటం లేదు. చీటీ పాతబడింది. మందుల పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే డాక్టర్లకి చెప్పింది. ఏ డాక్టరుగారు విన్నారో నాకు తెలియదు, మా వైపు వాళ్ళ చేతిరాతలు చూస్తే విన్నవాళ్ళు గోదావరి దాటి వచ్చినట్టు లేదు. అయినా శిక్ష ఎవరికి? ఆ రాత రాసినాయనకి కాదు, రాయించుకున్నవాడికి. బీపీ మాత్ర అయిపోయిన మనిషి మళ్ళీ బస్సెక్కి అమలాపురం వెళ్ళి, ఫీజు కట్టి, అదే చీటీ మళ్ళీ రాయించుకురావాలి. అంత దూరం వెళ్ళినవాడు ఆ పక్క షాపులోనే మందు కొనుక్కుంటాడు కదా అనే అనుమానం కంపెనీకి రాదు.

అయితే ఈ పట్టుదలంతా చీటీ ఉన్నవాడి మీదే. చీటీ లేనివాడికి రాజమార్గం ఉంది. 'చీటీ లేదా? ఫరవాలేదు, మా డాక్టరు ఫోన్ చేస్తారు' అంటుంది యాప్. చేస్తారు కూడా. ఈ విషయంలో మాట తప్పరు. ఆయన ఎవరో, ఏ రాష్ట్రంలో ఉన్నాడో తెలియదు గానీ హిందీలో మొదలెడతాడు. "మాతాజీ, షుగర్ హై?" "ఆయ్." "బీపీ భీ హై?" "ఆయ్." అయిపోయింది వైద్యం. కోనసీమ మర్యాదకి ఇంత గిరాకీ ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. నిమిషం తిరక్కుండా సంతకం, నంబరు, ముద్ర, అన్నీ ఉన్న నవనవలాడే చీటీ పుడుతుంది. రోగి నాలుక చూసి, నాడి పట్టి, కళ్ళకింద వాపు చూసి రాసిన అమలాపురం డాక్టరుగారి చీటీ చెల్లదు. రోగి భాషే తెలియనాయన రాసింది చెల్లుతుంది.

ఇంతకీ ఆర్డరు ఖాయమైందనుకోండి. అయిదు రకాల మందులకి డబ్బు కడితే మూడు ఒక గోడౌను నుంచి, ఒకటి ఇంకో గోడౌను నుంచి బయల్దేరతాయి. అయిదోది 'స్టాకు లేనందున రద్దు'. ఆ రద్దయ్యేది ఎప్పుడూ విటమిన్ మాత్ర కాదు, గమనించండి. రక్తం పల్చబరిచేదో, థైరాయిడ్‌దో అయి ఉంటుంది. కట్టిన డబ్బు 5 నుంచి 7 పనిదినాల్లో వెనక్కి వస్తుందని అభయమిస్తారు. బ్యాంకులకి పనిదినాలుంటాయి. గుండెకి రెండో శనివారం సెలవు లేదని వాళ్ళకెవరు చెప్పాలి? మా ఇంట్లో అనుభవించాం కాబట్టి చెబుతున్నాను: ఫిర్యాదు చేస్తే మనిషి పలకడు, మర పలుకుతుంది. 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం' అంటుంది. మళ్ళీ మొదటి ప్రశ్నకే తీసుకుపోతుంది. ఆ కంపెనీ పేరెందుకు లెండి. ఏ రాయయితేనేం పళ్ళూడగొట్టుకోడానికి!

ఇన్సులిన్ కథ వేరే. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని డబ్బా మీదే అచ్చేసి ఉంటుంది. థర్మోకోలు పెట్టెలో ఐసు ప్యాకెట్లు వేసి పంపుతారు, కాదనను. రోహిణి కార్తెలో ఆ పెట్టె ఒక గోడౌనులో దిగి, ఇంకో గోడౌనులో నిద్ర చేసి, కుర్రాడి బ్యాగులో ఊరేగి, 'కస్టమరు లేరు' అనిపించుకుని మళ్ళీ గోడౌనుకి వెళ్ళి, ఎట్టకేలకి మన చేతికొచ్చేసరికి ఐసు ప్యాకెట్టు గోరువెచ్చటి నీళ్ళ సంచి. పట్టుకుంటే కాపడానికి పనికొచ్చేలా ఉంటుంది. అందులో ఇన్సులిన్ పాడయిందో లేదో కంటికి తెలియదు. వయల్ తేటగానే ఉంటుంది. పొడుచుకున్నాక షుగరు దిగకపోతే, అప్పుడు తెలుస్తుంది. 'చల్లగా ఉంచాల్సిన మందులు వెనక్కి తీసుకోబడవు' అని వాళ్ళ నిబంధన. వాళ్ళు చల్లగా ఉంచక్కర్లేదని ఆ నిబంధనలో లేదు గానీ, ఆచరణలో అంతే.

ఇంక ఒక విషయం దగ్గర నాకు వెటకారం రాదు. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ ఇస్తారు. ఈ మందు పుట్టుకలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చెయ్యి ఉంది. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన నడిపించిన పరిశోధనలోంచే అది వచ్చింది. అదే ప్రయోగశాల నుంచి బోదకాలు మాత్ర కూడా వచ్చింది. దాన్ని గోదావరి జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, ఎదురుగా నిలబడి మింగించి వెళ్ళడం చాలామందికి గుర్తే. మందు ఇంటికి రావడమంటే అదీ. కీళ్ళవాతానికి వాడేటప్పుడు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూసి, తెల్లకణాలు పడిపోయి, ప్రాణం మీదికొస్తుంది, పోయినవాళ్ళూ ఉన్నారు. మా సెంటర్లో మెడికల్ షాపాయన ఆ స్ట్రిప్పు ఇచ్చేటప్పుడు కాగితం కవరు మీద ఎర్ర పెన్నుతో 'ఆదివారం' అని రాసి, కింద రెండు గీతలు గీసి, "అమ్మా, వారానికొక్కటే! రోజూ కాదు. ఏ రోజు చెప్పండి?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. 'ఆదివారం' అని ఆవిడ చెప్పేదాకా కవరు వదలడు. ఆన్‌లైన్ పెట్టె విప్పితే మాత్రం బుడగల కవరు, దాని లోపల ఇంకో కవరు, ఇంగ్లీషులో బిల్లు, ప్రోటీను పొడి మీద పదిహేను శాతం తగ్గింపు కూపను ఉంటాయి. ఆదివారం ఉండదు.

మెడికల్ షాపాయన దేవుడని నేననడం లేదు. పది మాత్రల స్ట్రిప్పులో నాలుగు కత్తిరించి ఇస్తూ ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క తన దగ్గరే ఉంచుకునే చమత్కారం ఆయనకే తెలుసు. జ్వరమొచ్చిందంటే చీటీ అడక్కుండా యాంటీబయోటిక్ చేతిలో పెట్టేదీ ఆయనే. ఆర్‌ఎంపీ గారు రాసిన తెల్ల కాగితం ముక్క ఆయన కంటికి వేదం. కానీ ఆయనకి ఒక మొహం ఉంది. షట్టరు మీద కొట్టి లేపొచ్చు. చేతిలో డబ్బు లేకపోతే ఖాతా రాస్తాడు, కొబ్బరి దింపు అయ్యాక ఇస్తామంటే ఊరుకుంటాడు. మాత్ర తేడా చేస్తే వెళ్ళి నాలుగు దులపొచ్చు. యాప్‌ని ఎవరు దులుపుతారు, ఎక్కడికెళ్ళి?

మరి ఆయన ఇవ్వలేని తగ్గింపు వీళ్ళెలా ఇస్తున్నారు? ధరల నియంత్రణ కిందున్న మందుల్లో చిల్లర దుకాణానికి 2013 నాటి ఉత్తర్వు ప్రకారం దక్కే వాటా 16 శాతం. వీళ్ళు మొదట్లో 20, 25 శాతం తగ్గిస్తామని ఊరించారు. లెక్కలు రానివాడికి కూడా తెలుస్తుంది, ఆ సొమ్ము మందులోంచి వచ్చింది కాదని. పెట్టుబడి పెట్టినవాళ్ళు గుప్పిళ్ళతో చల్లారు. అలవాటు పడ్డాక ప్లాట్‌ఫాం ఫీజట, హ్యాండ్లింగ్ ఛార్జీట, ఇంతకి తక్కువైతే డెలివరీ ఛార్జీట. తగ్గించిందంతా చివరి పేజీలో చక్కగా వసూలవుతుంది. ఈలోపు సెంటర్లో షాపు మూతపడితే, ఆ ఎర్ర పెన్ను ఏ యాప్‌లో దొరుకుతుందో చెప్పండి.

సర్కారు ఏం చేస్తోందని అడుగుతారా? ఆలోచిస్తోంది. మందుల చట్టం 1940 నాటిది. ఆన్‌లైన్ అమ్మకాలకి విడిగా రూల్సు తెస్తామని 2018 ఆగస్టులో కేంద్రం ముసాయిదా అచ్చేసింది. సెప్టెంబరు 28న దేశమంతా మందుల దుకాణాలవాళ్ళు ఒక రోజు షట్టర్లు దించి నిరసన తెలిపారు. వాళ్ళ బాధలో రోగి వాటా ఎంతో, లాభం వాటా ఎంతో నేను తూచలేను. డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేని ఆన్‌లైన్ అమ్మకాలు ఆపమంది. ఎవరాపారు? తర్వాత కోవిడ్ వచ్చింది. 2020 మార్చి 26న గుమ్మం దగ్గరికి మందులివ్వచ్చని కేంద్రం అనుమతిచ్చింది. ఇచ్చింది లైసెన్సున్న దుకాణానికి, అదీ దాని రెవెన్యూ జిల్లాలోపలే. అంటే ముమ్మిడివరం షాపువాడు కాట్రేనికోనకి తేవడానికి. ఎక్కడో ఉన్న గోడౌనుకి రెక్కలు కట్టడానికి కాదు. 2023 ఫిబ్రవరిలో 20కి పైగా కంపెనీలకి ఔషధ నియంత్రణ సంస్థ సంజాయిషీ నోటీసులిచ్చింది. ఆ ఏడాది నవంబరులో కోర్టు కేంద్రానికి విధానం తేల్చడానికి ఎనిమిది వారాలు గడువిచ్చి, ఇదే చివరి అవకాశమంది. 2024 మార్చిలో మరో నాలుగు నెలలిచ్చి, ఇదే చిట్టచివరి అవకాశమంది.

చీటీ పాతబడిందని ముసలావిణ్ణి తిప్పికొట్టే దేశంలో, ముసాయిదా ఇన్నేళ్ళు పాతబడినా వ్యాపారం నడుస్తూనే ఉంది. మాకిది కొత్తేం కాదు. కోటిపల్లి నుంచి నరసాపురానికి రైలొస్తుందని లోక్‌సభ స్పీకరుగా బాలయోగిగారు ఉన్నప్పటి నుంచి వింటున్నాం. దానికి గోదాట్లో స్తంభాలైనా లేచాయి. ఆన్‌లైన్ మందుల రూల్సుకి స్తంభం కూడా లేదు.

ఇక నెట్టే లేకపోతే ఏమవుతుందో 2022 మే నెలలో చూశాం. జిల్లా పేరు గొడవలో అమలాపురం తగలబడ్డాక కోనసీమ అంతటా ఇంటర్నెట్ కట్ చేశారు. దాదాపు రెండు వారాలు. ఇంటి దగ్గర్నుంచి పనిచేసే సాఫ్ట్‌వేరు పిల్లలు లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని సిగ్నలు కోసం గోదావరి గట్ల వెంట తిరిగారు. పిల్లలు ఉద్యోగం కోసం గట్టెక్కారు సరే, షుగరు మాత్ర ఆర్డరు పెట్టడానికి మోకాళ్ళు లేని ముసలావిడ ఎక్కడెక్కాలి? ఆ రెండు వారాలూ ఆవిడకి మందిచ్చింది సిగ్నలు అక్కర్లేని షాపే. నెట్ తిరిగొచ్చిన రోజున ఆవిడ కొడుకు ఫోనుకి మెసేజి వచ్చింది: 'మీరు మమ్మల్ని మర్చిపోయారా?'

ఓటీపీ సంగతి చెప్పకుండా ముగిస్తే పాపం చుట్టుకుంటుంది. పిల్లలు అమెరికాలోనో, కువైట్‌లోనో ఉంటారు. తల్లిదండ్రుల మందులకి అక్కణ్ణించే ఆర్డరు పెడతారు. అదో తృప్తి, దాన్ని వెక్కిరించను. కానీ ఓటీపీ వెళ్ళేది పిల్లల ఫోనుకి, కుర్రాడు నిలబడేది తల్లి గుమ్మంలో. ఇక్కడ మధ్యాహ్నమైతే డల్లాస్‌లో నడిరాత్రి. రోమింగులో ఎలాగో బతికించుకున్న ఇండియా నంబరుకి ఆరంకెలు వస్తాయి, అవి చూసేవాడు నిద్రలో ఉంటాడు. "ఓటీపీ చెప్పండమ్మా." "అదేటి బాబూ, నాకు షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు... అదొకటి రాయలేదు డాక్టరుగారు." కుర్రాడు మంచివాడైతే నవ్వుతాడు. ఇవ్వడం మాత్రం కుదరదు.

పల్లంకుర్రు వైపు ఇంకో ఇంట్లో ఇంతకంటే గట్టి వ్యవహారమే నడిచింది. పెద్దాయనకి నెలనెలా దానంతటదే ఆర్డరు వెళ్ళేలా కొడుకు పెట్టాడు. తండ్రి బతికుండగా ఒక్క నెలా పెట్టె వేళకి రాలేదు. ఆయన పోయాక పెద్దకర్మ నాడు, భోక్తలు విస్తళ్ళ ముందు కూచున్న వేళకి, ఠంచనుగా వచ్చింది. అయిదుకి అయిదు మందులూ ఉన్నాయి. ఇంక పంపొద్దని కొడుకు ఫోన్ చేస్తే, రద్దు చెయ్యడానికి రోగి నంబరుకి ఓటీపీ పంపామండి, ఆయన్ని అడిగి చెప్పండి అన్నారు.